చెప్పులు విడవకుండా రమ్మన్నాను

ఈ సంగతి రాయడానికి కారణం ఒక పుస్తకం. కొల్లాపూర్ గ్రంథాలయంలో కింది అరలో, పాత పంచాంగాల వెనక దొరికింది. పటాలాల సేవల గురించి ఎవరో వేసిన స్మరణిక. నేను పనిచేసిన కంపెనీ గురించి అందులో పేజీన్నర ఉంది. ఒక వాక్యం ఇలా ఉంది: పట్టపగలు శిబిరం గేటు మీదికి దాడికి వచ్చిన సాయుధుణ్ణి కాపలా జవాను నిలువరించాడు.

ఆ పట్టపగలు నేను అక్కడ ఉన్నాను. దాడి లేదు. ఆయుధం లేదు. అతన్ని రమ్మన్నది నేను.

అదే మనిషి గురించి ఇంకో మాట మా ప్రార్థన గుడిలో విన్నాను. పాపం కడుక్కోకుండా పరిశుద్ధుడి వైపు నడిచినవాడి గతి చూడండని ఒక ప్రసంగీకుడు అతన్ని ఉదాహరణగా చెప్పాడు. ప్రభుత్వం తరఫున ఒక అబద్ధం, దేవుడి తరఫున ఒక అబద్ధం. రెండూ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. అందుకే రాస్తున్నాను.

నేను బడిలో చదివింది నాలుగో తరగతి వరకే. మిగిలిందంతా గ్రంథాలయాల్లో నేర్చుకున్నాను. పటాలంలో ఉండగా బారకాసు గదిలోని పుస్తకాలన్నీ చదివాను. వేదవ్యాఖ్యానాలు, పారశీక రాజుల చరిత్ర, పశువైద్యం, ఏది దొరికితే అది. జవాన్లు నన్ను మున్షీ అనేవారు. ఆ పేరు నాకు నచ్చేది. అంత నచ్చకుండా ఉండాల్సింది.

మాది ఆత్మకూర్ దగ్గర ఒక పల్లె. మాదిగవాడ. కరువులో మా బాపు మమ్మల్ని షోలాపూర్‌కు తీసుకుపోయాడు, రాతిపనికి. అక్కడే పటాలంలో చేరాను. పోలీసు చర్య ముగిసిన మరుసటి చలికాలం దొరల మీద తిరగబడిన సంఘం దళాలను పట్టుకోవడానికి మా కంపెనీని నల్లగొండ జిల్లాకు పంపారు. తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. నాకు తుపాకీతోపాటు దుబాసీ పని కూడా ఇచ్చారు.

భువనగిరిలో రైలు దిగేసరికి ఉదయం ఏడు ఇరవై. గుట్ట సగం మంచులో ఉంది, మీద కోట కనిపించలేదు. మూడు లారీలు. ఒక్కొక్కరికి ఒక రైఫిల్, యాభై తూటాలు, రెండు కంబళ్లు, నీళ్ల సీసా, మేకులు కొట్టిన బూట్లు. ఆగ్నేయంగా పద్నాలుగు మైళ్లు. మూడున్నర గంటలు పట్టింది. పరుపుబండలు, తాటిచెట్లు, ఆముదం చేలు. వాగు దగ్గర దిగి లారీలను నెట్టాం. పదకొండుకు ఊరు చేరాం. ఊరి పేరు రాయను. అందరి వారసులూ అక్కడే ఉన్నారు.

దొర గడిలో దిగాం. కోటలాంటి ఇల్లది. ఎత్తు గోడలు, ఇనుప గుబ్బల తలుపు. సంఘంవాళ్ల రోజుల్లో దొర హైదరాబాదు పారిపోయాడు. ఆయన తరఫున ఊళ్లో పోలీసు పటేలు అధికారం చేస్తున్నాడు. గడి తలుపుకు అరవై అడుగుల ముందు, దారి పక్కన మోకాలెత్తు నల్లరాయి ఉంది. మా జాతివాళ్లకు, ఇంకా చాలామందికి ఆ రాయే హద్దు. అక్కడ చెప్పులు విడిచి చేత పట్టుకోవాలి. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకోవాలి. నడుం వంచి, నీ బాంచెన్ కాల్మొక్త అనుకుంటూ మిగిలిన దూరం నడవాలి. సంఘం వచ్చాక రెండేళ్లు ఆ రాయి దగ్గర ఎవరూ ఆగలేదట. మేం దిగిన రోజు మధ్యాహ్నమే జనం మళ్లీ చెప్పులు విడిచారు. విడవమని మేం చెప్పలేదు. మేం రావడమే చాలింది. డాబా మీద నుంచి చూశాను. నా కాళ్లకు బూట్లున్నాయి.

మా కెప్టెన్ మంచివాడు. ఈ మాట ఇప్పటికీ కొట్టివేయలేను. దక్షిణాదివాడు, క్రైస్తవుడు. ఆదివారం ఎనిమిది గంటలకు గడి వెనక గదిలో ఆయన, నేను, వైర్‌లెస్ ఆపరేటర్ ముగ్గురం ప్రార్థన చేసేవాళ్లం. ఆపరేటర్ క్రైస్తవుడు కాదు, ఆ గది వెచ్చగా ఉంటుందని వచ్చేవాడు. కెప్టెన్ తన సొంత పుస్తకాలు నాకు ఇచ్చేవాడు. సిపాయికి ఒక అధికారి పుస్తకం ఇవ్వడం నేను అంతకుముందు చూడలేదు. ఆయన కోసం ప్రాణం ఇచ్చేవాణ్ణి.

రెండో వారం ఆయన ఒక మాట చెప్పి టముకు వేయించమన్నాడు. దళంలో ఉన్నవాడు ఎవడైనా సరే, పగలు పది నుంచి నాలుగు లోపల, వట్టి చేతులతో, గడి ముందు దారిన వస్తే అతని మీద చెయ్యి పడదు. నేను తెలుగు చేశాను. ఇది తన సొంత మాటేనా అని అడిగాను. సొంత మాటే అన్నాడు.

అక్కడి మాదిగవాడలో తాటాకుల గుడిసే ప్రార్థన గుడి. ఉపదేశి ముసలివాడు, కఠినుడు. సెలవు దొరికిన ఆదివారం సాయంత్రాలు వెళ్లేవాణ్ణి. గడి వాకిలి ఊడ్చే రాహేలవ్వ అక్కడ ముందు వరసలో కూర్చునేది. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక నా పక్కన నడుస్తూ, చీపురు గురించి మాట్లాడినట్టే మాట్లాడింది.

"కొడుకా, మా యాకోబు ఆముదం చేన్ల ఉన్నడు. నిన్ను ఒక మాట అడుగుతడట. తుపాకి లేకుంట రా."

మర్నాడు మూడు గంటలకు బహిర్భూమికని చెప్పి వెళ్లాను. ఆముదం నా తల కంటే ఎత్తుంది. యాకోబుకు ముప్పై ఉంటాయి. బక్కమనిషి. దళానికి చెప్పులు కుట్టేవాడు. అతను ముందు చూసింది నా మొహం కాదు, బూట్లు.

"ఇంత బరువేసుకోని ఎట్ల ఉరుకుతరన్నా?" అన్నాడు.

ఉరికేది తక్కువ, నిలబడేదే ఎక్కువ అన్నాను. నవ్వాడు. ఒక ఆకు తుంచి నలుపుతూ చెప్పాడు. తుపాకీ ఎన్నడూ పట్టలేదట. పట్టుకున్నది ఒక మనిషిని. గడి పెత్తందారుల్లో ఒకణ్ణి దళం చంపినప్పుడు, వెనక నుంచి చేతులు పట్టుకోమన్నారు. పట్టుకున్నాడు.

"ఆయన చేతులు నా చేతుల్లనే సల్లవడ్డయి అన్నా. అప్పటిసంది చెప్పు కుట్టవోతె తోలు సల్లగ తగుల్తది."

ఉపదేశి దగ్గరికి తల్లి రాహేలవ్వను పంపాడట. ఆర్నెల్లు గుడి బయట కూర్చోవాలి, పెద్దల ముందు ఒప్పుకోవాలి, తర్వాత చూద్దాం అన్నాడట. ప్రభువు బల్ల మాట, ఆ రొట్టె తీసుకునే మాట, ఇప్పుడు ఎత్తొద్దన్నాడట.

"రెండు అడుగుత," అన్నాడు. "ముందు ఏది అడగాల్నో తెల్వదు. గడిల నన్ను బతకనిస్తరా? దేవుడు నన్ను రానిస్తడా?"

ఇక్కడ నేను చేసింది సరిగ్గా రాయాలి. ఆ రెండు ప్రశ్నలకూ ఒకే జవాబు చెప్పాను. నా చదువంతా అప్పుడు నోటికి వచ్చింది. పారశీక రాజు సన్నిధికి పిలవకుండా వెళ్తే చావేనని, రాజు బంగారు దండం చాపితేనే బతుకని చెప్పాను. దేవుడు మనవైపు ఆ దండం ఎప్పుడో చాపాడని, మన ప్రధానయాజకుడైన ప్రభువు మన బలహీనత ఎరిగినవాడని, అందుకే పాపులమైనా కృపాసనం దగ్గరికి ధైర్యంగా రావచ్చని చెప్పాను. ఇంతవరకు తప్పు లేదు. ఇప్పటికీ అదే నమ్ముతాను. అక్కడ ఆగలేదు. కెప్టెన్ కూడా అలాగే అన్నాను.

"గడిల సాబ్ పిలిచిండు. పైన దేవుడు పిలిచిండు. పిలిచినంక దొంగలెక్క ఎందుకు పోవాలె? రాయి కాడ ఆగకు. చెప్పులిడువకు. వంగకు. నాయిన ఇంట్లకు బిడ్డ పోయినట్టు పో."

"చెప్పులతోని గడిలకా?" యాకోబు కళ్లు పెద్దవి చేశాడు. "మా తాత బొందలకెల్లి లేశి కూసుంటడు."

"కూసోనియ్యి. చూస్తడు."

అతను తన కాళ్ల వైపు చూసుకున్నాడు. ఎడమ చెప్పు బొటనవేలి ఉంగటం తెగి, నారతో కట్టి ఉంది. ఇవి వేసుకుని నిటారుగా నడవలేనన్నాడు. బేస్తవారం దాకా ఆగమన్నాడు. కొత్త జత కుట్టుకుని వస్తానన్నాడు.

ఆ సాయంత్రమే కెప్టెన్‌కు చెప్పాను. బేస్తవారం పది, నాలుగు మధ్య ఒక మనిషి వస్తాడని. పేరు చెప్పలేదు. రానివ్వు అన్నాడు. జేబులోని చిన్న నోటుబుక్కులో రాసుకున్నాడు.

మంగళవారం పదకొండుకు పటేలు వచ్చాడు. రాయి దగ్గర ఆగే అవసరం లేని మనిషి, గుర్రం దిగి నేరుగా లోపలికి వచ్చాడు. ఊళ్లో ఎవడు దళంవాడో ఎవడు కాదో ఎట్లా తెలుస్తుందని కెప్టెన్ అడిగాడు. పటేలు మీసం కింద నవ్వాడు.

"మొకం జూస్తె తెల్వది సాబ్. నడుం జూడున్రి. రాయి కాడ వంగినోడు మనోడు. వంగనోడు వాడే."

మాట పొల్లు పోకుండా నేనే హిందుస్తానీ చేశాను. కెప్టెన్ నవ్వి నోటుబుక్కు తీశాడు. బాగా తర్జుమా చేశానని నేనూ నవ్వాను. నా చెవుల్లో కాల్పుల చప్పుడు ఏనాడో పోయింది. ఆ నవ్వు పోలేదు.

బుధవారం నన్ను రేషన్ లారీతో భువనగిరి పంపారు. బియ్యం, పప్పు, కిరసనాయిలు. సాయంత్రం బయలుదేరాల్సింది, టైరు పగిలింది. అక్కడే పడుకున్నాం. ఆ రాత్రి దిగులేమీ పడలేదు. నేను లేకపోయినా కెప్టెన్ ఉన్నాడు కదా.

నేను లేని ఆ ఒక్కరోజులో కెప్టెన్ కాపలావాళ్లకు కొత్త ఆర్డరు ఇచ్చాడు. చెప్పులతో రాయి దాటినవాణ్ణి ఒకసారి ఆగమనాలి. ఆగకపోతే కాల్చాలి.

బేస్తవారం పదకొండు నలభై. ఎండ. గాలి లేదు. మా లారీ ఊరి మలుపు తిరిగేసరికి గడి ముందు దారి తిన్నగా కనిపించింది. యాకోబు నడుస్తున్నాడు. ఉతికిన ధోతి. తలగుడ్డ తల మీదే ఉంది. చేతులు రెండూ ఖాళీగా ఊగుతున్నాయి. రాయి వచ్చింది. అతని అడుగు కొంచెం నెమ్మదించింది. తర్వాత దాటాడు.

డాబా మీద నుంచి కాపలా జవాను హిందుస్తానీలో అరిచాడు. ఆ భాష యాకోబుకు రాదు. పలకరించారనుకున్నాడేమో, కుడిచెయ్యి ఎత్తాడు. ఒక్క తూటా. నేను లారీ లోంచి దూకి అరుస్తూ పరుగెత్తాను. ఏ భాషలో అరిచానో నాకే తెలియదు.

వెళ్లేసరికి ప్రాణం లేదు. కొత్త చెప్పులు కాళ్లకే ఉన్నాయి. రొంటిన ఆరె ఉంది, చెప్పులు కుట్టేది. చేతి బొటనవేలంత ఇనుము, దానికి కట్టె పిడి.

కెప్టెన్ బయటికి వచ్చాడు. నేను సెల్యూట్ చేయలేదు. ఈయనే సర్, మీరు రాసుకున్న మనిషి, అన్నాను. ఆయన ముఖం తెల్లబోయింది. అది నిజం, అది కూడా రాయాలి. ఇంగ్లీషులో, మెల్లగా అన్నాడు. అలా వస్తాడని నువ్వు చెప్పలేదు.

నిజమే. చెప్పలేదు. ధైర్యంగా వచ్చేవాడికి అనుమతి అడగాలని నాకు తోచలేదు.

అంతవరకైతే పొరపాటు అనేవాణ్ణి. మోసం పన్నెండున్నరకు జరిగింది. వైర్‌లెస్ గది కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆపరేటర్ చేతిలో కెప్టెన్ రాసిచ్చిన కాగితం ఉంది. హెడ్‌ఫోన్ ఒక చెవి మీద నుంచి తీసి నన్ను అడిగాడు.

"మున్షీ, సాయుధుడు అని పంపమన్నాడు. ఏ ఆయుధం?"

"ఆరె. చెప్పులు కుట్టేది."

"దానికి కోడు లేదు," అన్నాడు. కాగితంలో ఉన్నదే పంపాడు. పంపాక మూడు రోజులు నాకు ఎదురుపడకుండా తిరిగాడు. కోపంతో కాదు.

తర్వాతి ఆదివారం ఎనిమిదికి కెప్టెన్ ప్రార్థనకు పిలిచాడు. వెళ్లలేదు. మాదిగవాడ గుడికీ వెళ్లలేదు. రాహేలవ్వను గడి పనిలోంచి తీసేశారు. నేను ఆమె గుడిసె వైపు వెళ్లే దారి మానేశాను. ఇంకా నాలుగు నెలలు అక్కడే డ్యూటీ చేశాను. వంగినవాళ్లు వస్తూనే ఉన్నారు. దళం నుంచి ఎవరూ రాలేదు.

ఏడాది తర్వాత పటాలం విడిచి కొల్లాపూర్ చేరాను. పెళ్లయింది. గ్రంథాలయంలో అటెండరు పని దొరికింది. ఆదివారాలు గుడికి పోయేవాణ్ణి, వెనక కూర్చునేవాణ్ణి. ప్రభువు బల్ల వచ్చినప్పుడు లేచి బయటికి వచ్చేవాణ్ణి. ఆరేళ్లు. చెప్పులు విడవకుండా రమ్మని ఇంకొకడికి చెప్పినవాణ్ణి, నేను రాలేకపోయాను. చదివిన వ్యాఖ్యానాలన్నీ మళ్లీ చదివాను. దేవుడిదీ కెప్టెన్‌దీ, రెండు సింహాసనాలను ఒకటి చేసి చెప్పడమే నా పాపమని అర్థమైంది. అర్థమైనా తీరలేదు. ఒకదాన్ని నమ్మి మోసపోయాక రెండోదాన్ని ఎట్లా నమ్మాలి? కెప్టెన్‌కు మూడు ఉత్తరాలు రాశాను. ఒకదానికి జవాబు వచ్చింది. రెండు వాక్యాలు. ఆ రోజు ఆర్డరు ప్రకారమే జరిగిందని, నా విశ్వాసం కాపాడుకోమని.

ఆ జవాబు వచ్చిన నెలలోనే రాహేలవ్వ దగ్గరికి బయలుదేరాను. బస్సు దిగి మూడు మైళ్లు నడిచాను. మాదిగవాడ మొగదల బూట్లు విప్పి చేత పట్టుకున్నాను. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాను. తెలిసి చేయలేదు. ఆమె గుడిసె ముందు చాటలో జొన్నలు చెరుగుతోంది. నన్ను గుర్తుపట్టింది. చాట ఆగలేదు.

నేను అంతా చెప్పాను. చేన్లో ఏమన్నానో, పటేలు మాటను తర్జుమా చేసింది ఎవరో, నవ్వింది ఎవరో. ఆమె విని ఒక్కటే అడిగింది.

"రాయి దాటినంక వంగిండా?"

"వంగలేదవ్వా."

"మరి నువ్వెందుకు వంగినవ్?"

నా చేతిలో బూట్లు అప్పుడు చూసుకున్నాను. ఆమె చాట కింద పెట్టింది.

"నీ మీద కోపం లేదంటె అబద్ధం. నా కొడుకును పొమ్మన్నది నువ్వే. నీ సాబ్ మాట తప్పిండు. దేవుని మాట నువ్వు సాబ్ నోట్ల పెట్టినవ్. గది నీ తప్పు. గని నువ్వు జెప్పిన మాట నా కొడుకు నమ్మిండు. నమ్మి నడిచిండు. చెప్పినోనివి నువ్వే నడువకపోతె, వాడు వట్టిగ సచ్చినట్టు కాదా?"

ఆ రోజు ఆదివారం. సాయంత్రం బల్ల ఉందని, రమ్మంది. నాకు మొహం చెల్లదన్నాను.

"ఎవలకు చెల్లుతది? మొకం జూసి రానిచ్చేటోడైతె ఆ గుడి ఎన్నడో బందయ్యేది," అంది. "లే."

వెళ్లాను. ముసలి ఉపదేశి పళ్లెంతో నా ముందుకు వచ్చి ఆగాడు. నన్ను చూశాడు, రాహేలవ్వను చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. పళ్లెం నా చేతికి అందేలా కిందికి దించాడు. రొట్టె తీసుకున్నాను. మనశ్శాంతితో తీసుకున్నానని రాస్తే ఈ కాగితాల్లో అది మూడో అబద్ధం అవుతుంది. ఫిర్యాదుతో తీసుకున్నాను. నువ్వు పిలిచావని చెప్పి ఒక మనిషిని పంపాను, దారిలో నువ్వెందుకు లేవు అని అడుగుతూనే నమిలాను. నన్ను ఎవరూ బయటికి పంపలేదు. అప్పటినుంచి ప్రతిసారీ వెళ్తున్నాను. అదే ప్రశ్నతో వెళ్తున్నాను. కెప్టెన్‌ను క్షమించానా అంటే లేదు. అది కూడా అక్కడే చెప్తున్నాను.

దీన్ని రాయడానికి తోడ్పడినవాళ్లకు నా నమస్కారం. స్మరణికను ఇంటికి తీసుకుపోనిచ్చిన గ్రంథపాలకుడు నరసింహులు గారికి. తప్పులు దిద్దిన బడిపంతులు జంగారెడ్డి సారుకు. నేను అడగకుండానే ఆ రోజు పంపిన సందేశం నకలు గుర్తున్నంతవరకు రాసి పంపిన వైర్‌లెస్ ఆపరేటర్ హరిరామ్‌కు. పళ్లెం దించిన ఉపదేశి దేవసహాయం గారికి, ఆయన ఇప్పుడు లేరు. ఈ కథ విన్న రోజు నుంచి నా చెప్పులు గుడి మెట్టు మీద తనవాటి పక్కనే పెడుతున్న నా భార్య సుగుణమ్మకు. బూట్లు వేసుకునేదాకా నన్ను వాకిలి దాటనివ్వని రాహేలవ్వకు.

యాకోబుకు కృతజ్ఞత అనే మాట సరిపోదు. అతను నాకు ఇప్పటికీ వెనక నుంచే కనిపిస్తాడు, లారీ లోంచి చూసినట్టే. ఎండలో తెల్లటి ధోతి, ఖాళీ చేతులు, కొత్త తోలు కిర్రుమనే చప్పుడు. అంత దూరానికి ఆ చప్పుడు వినపడి ఉండదు. అయినా వింటాను. రాయి దగ్గర అతని అడుగు నెమ్మదిస్తుంది. తర్వాత దాటుతుంది.